మరిడమ్మ ముంగిట ఫ్రాయిడు

నర్సీపట్నము మన్యమునకు వాకిలి. తుని నుండి వచ్చు బాటయు, అనకాపల్లి వైపు నుండి వచ్చు బాటయు ఈ ఊరు చేరినవి. ఊరు దాటిన తరువాత బాట ఘాట్ రోడ్డుగా మారి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కిపోవును. (రైలుబండిలో పోవువారు తునికిని అనకాపల్లికిని నడుమ ‘నర్సీపట్నం రోడ్’ అను పేరు చూచి ఊరు వచ్చినదని తొందరపడుదురు. ఊరికి ఆ స్టేషను చాలా దూరము.) 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు ఊరు అనకాపల్లి జిల్లాలో నిలిచినది, మీది కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయినవి. కాగితము మీద గీత పడినది కాని, సంతకును ఆసుపత్రికిని దిగివచ్చు కొండజనమునకు వాకిలి నేటికిని ఇదియే.

ఇట్టి ఊళ్ళలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారికి ఒక దృశ్యము కొత్తది కాదు. ఉదయపు ప్రార్థనవేళ వరుసలో నిలుచున్న బాలిక యొకతె ఉన్నట్టుండి ఊగుట మొదలుపెట్టును. జడ విడిపోవును. కంఠము మారును. తాను అమ్మవారినని చెప్పి, తనకు మొక్కు చెల్లించలేదని ఎవరినో గద్దించును. బడి బంట్రోతు నిమ్మకాయకై పరుగెత్తును. సైన్సు మాస్టారు మొగమున నీళ్ళు చల్లి, ఇది జబ్బు, డాక్టరు వద్దకు తీసికొనిపోవలెనని చెప్పును. లెక్కల మాస్టారు, రేపు పరీక్ష గదా, ఇదంతా నటన యని పెదవి విరుచును. ఇంతలో తల్లి వచ్చి, పసుపునీళ్ళు చల్లి, వేపమండతో విసరి, బిడ్డను ‘అమ్మా’ అని పిలుచును. కన్నకూతురికే చేతులు జోడించును. ముగ్గురిలో ఎవరి మాట సత్యము? తల్లిది నాలుగవ మాటగా లెక్కించవలెనా, వద్దా? విశ్వాసమునకు మనస్సులో మూలమెచ్చట అని అడిగిన శాస్త్రము మనోవిశ్లేషణము. ఆ శాస్త్రమును ఈ ముంగిట నిలబెట్టి చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడు మతమును గూర్చి మొదట వ్రాసినది 1907లో. మాటిమాటికి చేతులు కడుగుకొను రోగి నియమములకును, భక్తుని పూజానియమములకును పోలిక కలదని ఆయన గమనించినాడు. ఏదో ఒక చిన్న క్రియ తప్పినచో కీడు మూడునన్న భయము ఉభయులకును సమానము. 1913లో ‘టోటెమ్, టాబూ’ అను గ్రంథములో దేవుని మూలము తండ్రిలో కలదన్నాడు. శిశువు తండ్రిని ప్రేమించును, తండ్రికి భయపడును, తండ్రిపై కోపించును. ఆ మూడింటి సమ్మేళనమే ఆకాశమంత పెరిగి దైవమైనదని ఆయన వాదము. 1927లో వెలువడిన ‘ఒక భ్రమ భవిష్యత్తు’ అను చిన్న పుస్తకము ఈ వాదమునకు పరాకాష్ఠ. నిస్సహాయుడైన మానవుడు ప్రకృతి ముందు నిలిచి, పసితనములో తన్ను కాచిన తండ్రివంటి రక్షకుని కోరుకొనుచున్నాడు. కోరిక బలమైనది గనుక విశ్వాసము బలమైనదని అందలి సారాంశము.

ఇచ్చట ఒక సూక్ష్మమును మన విద్యార్థులు తరచు విడిచిపెట్టుదురు. ఫ్రాయిడు ‘భ్రమ’ అన్నాడే కాని ‘అబద్ధము’ అనలేదు. కొలంబసు తాను ఇండియాకు కొత్త సముద్రమార్గము కనుగొన్నానని నమ్మినాడు. ఆ నమ్మకములో అతని కోరిక పాలు ఎంత ఉన్నదో ఎత్తి చూపి, కోరిక ప్రేరేపించిన నమ్మకమునే ఆయన భ్రమ యన్నాడు. అట్టి నమ్మకము ఒకొక్కప్పుడు నిజము కూడ కావచ్చును. ఆకలిగొన్నవాడు అన్నమును గూర్చి కలగన్నంత మాత్రమున లోకములో అన్నము లేదని తేలదు. కనుక దేవుడున్నాడా, లేడా అన్న ప్రశ్నను మనోవిశ్లేషణము తేల్చజాలదు. ఫ్రాయిడు తనంతట తాను నాస్తికుడు, ఆ మాట దాచలేదు. కాని ఆయన నాస్తికత వేరు, ఆయన పద్ధతి వేరు. ఆయన మిత్రుడు, స్విట్జర్లండు దేశపు పాదిరి ఆస్కార్ ఫిస్టరు ఆ పద్ధతినే చేపట్టి, విశ్వాసమును విడువక, 1928లో ఆయనకు ప్రత్యుత్తరముగా ఒక వ్యాసము ప్రకటించినాడు. వారి స్నేహము చెడలేదు.

ఇక మన ముంగిటికి వత్తము. ఫ్రాయిడు దైవము తండ్రి. ఉత్తరాంధ్రలో ఊరి దైవము తల్లి. అనకాపల్లిలో నూకాంబిక, తునికి సమీపమున లోవలో తలుపులమ్మ, పాడేరులో మోదకొండమ్మ, విజయనగరములో పైడితల్లి. కలరాకు దేవతగా పల్లెపల్లెను మరిడమ్మ. ఈ తల్లి కేవలము కరుణామూర్తి కాదు. రోగము తెచ్చునదియు ఆమెయే, తీసికొనిపోవునదియు ఆమెయే. ‘అమ్మవారు పోసినది’ అని మశూచికమును పిలిచిన జాతి మనది. తల్లి పేరుతోనే జబ్బును పిలిచిన భాష ఎంత లోతైన సత్యమును చెప్పుచున్నదో మనోవిశ్లేషకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. శిశువునకు పాలిచ్చు తల్లియు, పాలు మాన్పించు తల్లియు ఒక్కతెయే గదా! అయినను ‘టోటెమ్, టాబూ’లో ఫ్రాయిడు తల్లిదేవతల విషయము వచ్చునప్పటికి, వారిని తన సిద్ధాంతములో ఎక్కడ ఉంచవలెనో సూచింపజాలనని ఒప్పుకొని ముందుకు సాగినాడు. ఒక మహామేధావి అంత నిజాయతీగా విడిచిన ఖాళీ అది. ఆ ఖాళీలోనే మన ఊళ్ళన్నియు ఉన్నవి.

ఆ ఖాళీని భారతదేశము నుండి ఎత్తిచూపిన తొలి విద్వాంసుడు కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోసు. 1922లో అచ్చట భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించినది ఆయనయే. యూరపు రోగుల అంతరంగమును బట్టి కట్టిన సూత్రములు భారతీయ రోగులకు అచ్చముగా సరిపడవని ఆయన ఫ్రాయిడునకు వ్రాసినాడు. ఫ్రాయిడు మర్యాదగా విన్నాడు, తన మాట మార్చుకొనలేదు. 1931లో ఆయన 75వ పుట్టినరోజునకు కలకత్తా సంఘము విష్ణువు దంతపు బొమ్మను కానుకగా పంపినది. అది ఆయన వ్రాతబల్ల మీద చోటు సంపాదించుకొన్నది. తెలుగువారికి మాత్రము ఈ శాస్త్రము ఆసుపత్రి ద్వారా గాక నవల ద్వారా వచ్చినది. గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, విశాఖవాసి రావిశాస్త్రి ‘అల్పజీవి’ చదివినవారికి అంతరంగ శోధనము అనగా ఏమో నేను చెప్ప నక్కరలేదు. అందులో గోపీచందు హేతువాదుల ఇంట పుట్టి, చివరి కాలములో అరవిందుని తత్త్వము వైపు మరలినాడు. సిద్ధాంతములను సాహిత్యములో వెదకువారు రచయితల జీవితములను కూడ చదువుట మంచిది.

సిద్ధాంతమును పరీక్షించుటకు నర్సీపట్నమునకు పైనున్న కొండలే చాలును. ఫ్రాయిడు 1921లో సమూహముల మనస్తత్త్వమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో ఆయన తీసికొన్న ఉదాహరణములు రెండు: మతసంఘము, సైన్యము. రెండింటిలోను ప్రతి వ్యక్తియు నాయకుని తన హృదయములోని ఆదర్శపు పీఠముపై కూర్చుండబెట్టుకొనును. ఒకే నాయకుని ప్రేమించుట వలన అనుచరులు తమలో తాము సోదరులగుదురు. ఆ గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1922 ఆగస్టు 22న, చింతపల్లి పోలీసు స్టేషనుపై అల్లూరి సీతారామరాజు దాడి చేసినాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వియన్నాలో విడివిడిగ చూపిన రెండు ఉదాహరణములును మన్యములో ఒక్క మనిషియందే కలిసినవి: ఆయన సన్న్యాసి, ఆయనయే సేనాని.

కొండజనము ఆయనను నమ్మిన తీరు అసామాన్యము. తుపాకి గుండ్లు ఆయనను తాకవన్న మాట గూడెములన్నింట వ్యాపించినది. ఆయన జపతపములు, మూలికా వైద్యము, కల్లు మానుడన్న బోధ, తగవులు కోర్టులకు పోక పంచాయతీలలో తీర్చుకొనుడన్న హితవు, అన్నియు కలిసి ఆ నమ్మకమునకు పునాదులైనవి. ఇంతకు పూర్వమే 1886లో గూడెము ప్రాంతములో తిరుగబడినవారు తమ దండునకు ‘రామదండు’ అని పేరు పెట్టుకొని యుండిరి. అనగా దైవము పేరు చెప్పక ఆ కొండలలో ఆయుధము పట్టుట అరుదు. ఫ్రాయిడు సూత్రము ఇంతవరకు చక్కగా అన్వయించును. తండ్రివంటి నాయకుడు, ఆయన నీడలో సోదరులు, ఆ నీడలో మరణభయము తొలగుట.

కాని ఇచ్చట నిలిచిపోయినచో మనము అన్యాయము చేసినవారమగుదుము. 1882 మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయము మీద ఆంక్షలు తెచ్చినది. నర్సీపట్నము నుండి కొండమీదికి రోడ్డు వేయించిన గూడెము డిప్యూటీ తహశీలుదారు బాస్టియన్ కూలీలకు సరియైన కూలి ఇయ్యక పని చేయించినాడు. నేడు మనము బస్సులో సుఖముగా ఎక్కిపోవు దారికి మూలము ఆ చెమట. ఆకలి, అవమానము వాస్తవములు. వానిని తండ్రిపై శిశువునకు గల కోపమునకు మారురూపములని చెప్పువాడు శాస్త్రజ్ఞుడు కాడు, కలెక్టరుకు వకీలు. మరియొక విశేషము చూడుడు. గుండ్లు తాకని దేవుడని జనము నమ్మిన ఆ మనిషి, స్టేషనులలో దొరికిన ఆయుధముల లెక్కను స్టేషను రికార్డులో స్వహస్తముతో వ్రాసి, సంతకము చేసి పోయినాడు. మూడు దాడులలో చేతికి వచ్చినవి 26 తుపాకులు. నమ్మకమున్నచోట లెక్క ఉండదని ఎవరు చెప్పినారు? 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను కాల్చి చంపిరి. జూనులో గంటందొర నేలకొరగినాడు. ఫ్రాయిడు చెప్పినట్లే నాయకుడు పోగానే దండు చెదిరినది. కాని రాజు చావలేదన్న వదంతి చెదరలేదు. (గంటందొర తమ్ముడు మల్లుదొర శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో స్వతంత్ర భారత తొలి లోక్‌సభలో సభ్యుడైనాడు. అది మరియొక కథ.)

విశ్వాసము ధైర్యమిచ్చిన కథ అది. విశ్వాసము ప్రాణములు తీసిన కథలును ఈ కొండలలోనే కలవు. ఒక ఇంట వరుసగా రెండు మూడు మరణములు సంభవించును. మలేరియా కావచ్చును, గిరిజనులలో ఎక్కువగ కనుపించు సికిల్‌సెల్ రక్తదోషము కావచ్చును. ఊరిలో ఎవరో ఒకరు, సాధారణముగ ముసలివారు, ఒంటరివారు, పెక్కుసార్లు దగ్గరి బంధువులే, ‘చిల్లంగి’ పెట్టినారన్న గుసగుస పుట్టును. అటుపై జరుగునది వార్తాపత్రికలలో నాలుగు పంక్తులుగా వచ్చును. ఇచ్చట ఫ్రాయిడు చెప్పిన మాటకు నిజముగా విలువ కలదు. చనిపోయినవారి యెడల బ్రతికియున్నవారికి ప్రేమతో పాటు లోలోన అంగీకరింపజాలని విసుగు, కోపము ఉండును. దీర్ఘరోగమునకు సేవ చేసిన ఏ ఇంటివారిని అడిగినను, నిజము చెప్పువారైనచో, ఒప్పుకొందురు. ఆ కోపము తనదని ఒప్పుకొనలేని మనస్సు దానిని వెలుపలికి నెట్టి, ఎదుటివాని మొగముపై చూచును. దీనికే మనోవిశ్లేషకులు ప్రక్షేపణ మని పేరు పెట్టిరి. ‘నేను తగినంత చూచుకొనలేదేమో’ అన్న ముల్లు ‘వాడు చంపినాడు’ అన్న బల్లెమగును.

బడిలో దోమను గూర్చి, క్రిమిని గూర్చి చెప్పినంతనే ఇది తొలగిపోవునని మన ఉపాధ్యాయులలో కొందరి నమ్మకము. ఇంగ్లీషు మానవశాస్త్రజ్ఞుడు ఇవాన్స్-ప్రిచర్డు ఆఫ్రికాలోని అజాందే జనమును గూర్చి 1937లో వ్రాసిన గ్రంథములో దీనికి సమాధానమున్నది. చెదలు తిన్న గాదె కూలి క్రింద కూర్చున్నవారి మీద పడినది. చెదలు తిన్నందున కూలినదని ఆ జనమునకు తెలియును. వారు మంత్రగానిని వెదకుట వేరొక ప్రశ్నకు: ఆ వేళకే ఎందుకు కూలవలె, ఆ మనుషులపైననే ఎందుకు పడవలె? దోమకాటు మలేరియాను వివరించును. నా బిడ్డనే ఎందుకు అన్నదానిని వివరింపదు. ఆ ‘ఎందుకు’ను వినువాడు లేనిచోట భూతవైద్యుడు వినును. పొరుగున ఒడిశా రాష్ట్రము 2013లో మంత్రగత్తెలన్న నెపముతో జరుగు హింసను నిషేధించుచు ప్రత్యేక చట్టము చేసినది. చట్టము నేరస్థుని పట్టును. మరణించిన బిడ్డ తల్లి వద్ద కూర్చుండుటకు చట్టమునకు తీరిక ఉండదు.

ప్రార్థనవేళ ఊగిన బాలికను మరచితిమి. శ్రీలంకకు చెందిన విద్వాంసుడు గణనాథ ఒబెయెశేఖర కతరగామ క్షేత్రములో జడలు కట్టిన సన్న్యాసినుల జీవితములను పరిశీలించి 1981లో ఒక గ్రంథము ప్రకటించినాడు. వారి పూనకముల వెనుక చెప్పుకొనలేని దుఃఖములున్నవని ఆయన చూపినాడు. అంతవరకు ఫ్రాయిడు శిష్యుడే. కాని సమాజము అంగీకరించిన రూపము దొరికినప్పుడు ఆ దుఃఖము రోగలక్షణముగ మిగులక, పదుగురు చేతులెత్తి మ్రొక్కు చిహ్నముగ మారి, ఆ మనిషిని నిలబెట్టుననియు ఆయన వాదించినాడు. మన బాలిక ‘నాకు పెండ్లి వద్దు, చదువుకొందును’ అని తండ్రి ముందు నోరు మెదపలేదు. అమ్మవారు మెదపగలదు. గద్దించగలదు కూడ. ఇట్లు ప్రతి పూనకము వెనుకను ఉండునని నా అభిప్రాయము కాదు. కొన్నింటి వెనుక మూర్ఛరోగముండును, దానికి మందు కలదు, ఆలస్యము ప్రమాదము. కాని నటన యని నవ్విన లెక్కల మాస్టారు మాత్రము ముగ్గురిలోను సత్యమునకు మిక్కిలి దూరము.

గుడియా, ఆసుపత్రియా అన్న తగవునకు రెండు సంఘటనములు సాక్ష్యములుగ చాలును. రెండును తమిళనాడులోనివే, కాలమునను దగ్గరివే. బెంగుళూరు నిమ్హాన్స్‌కు చెందిన వైద్యులు ముత్తుస్వామి ఆలయములో ఆశ్రయము పొందిన 31 మంది తీవ్ర మనోరోగులను పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితములు ప్రకటించిరి. అచ్చట మందులు లేవు, భూతవైద్యము లేదు. ఉదయము పూజ, తరువాత ఊడ్చుట, మొక్కలకు నీళ్ళు పోయుట వంటి చిన్న పనులు, తోడుగ ఇంటివారు. కొన్ని వారములలో రోగతీవ్రత కొలమానమున దాదాపు 20 శాతము తగ్గినది. సరిపోల్చుటకు మరియొక బృందము లేదు గనుక దీనినిబట్టి గొప్పలు చెప్పరాదు. అయినను వైద్యులు ఆ ఊరట దేవతదని గాని, మందుదని గాని అనక, ఆదరముగల చోటు ప్రభావమని వ్రాసిరి. ఆ ప్రకటనకు ముందటి సంవత్సరము, 2001 ఆగస్టు 6న, ఎర్వాడి దర్గా సమీపములో రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకొని 28 మంది మరణించిరి. ఉభయత్రను భక్తియే. ఒకచోట ద్వారము తెరచియున్నది, మరియొకచోట కాళ్ళకు సంకెల ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టము రోగులను గొలుసులతో కట్టుటను నిషేధించినది. గుజరాతులో మీరా దాతార్ దర్గా వద్ద ‘దవా–దువా’ అను పేర మందును ప్రార్థనను ఒకేచోట అందించు ఏర్పాటు చేసిరి. ముజావరులే భక్తులను డాక్టరు గదికి పంపుదురు. ఇట్టిది మన జాతరలలో ఏల ఉండరాదో నాకు తెలియదు.

చివరగా గోదావరి తీరపు మాట యొకటి చెప్పవలెను. ఈ విషయములో నన్ను ఎక్కువగ కదలించినది అదియే. రాజమహేంద్రవరము పరిసరములలో కొన్ని కుటుంబములవారు, చిన్నతనమున చనిపోయిన బిడ్డలు వీరభద్రునిలో చేరిరని నమ్ముదురు. అట్టి బిడ్డకు గురుతుగ విభూతితో చేసిన ‘విభూతిపండు’ ఇంట నిలుపుకొందురు. సంబరము జరుగునప్పుడు, శివరాత్రివేళ, దానిని డప్పుల మ్రోతతో గోదావరికి తీసికొనిపోయి స్నానము చేయింతురు. తల్లికో, మేనత్తకో పూనకము వచ్చును. చనిపోయిన బిడ్డ ఆమె నోట మాటలాడును. అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 1989లో దీనిని గూర్చి విపులముగ వ్రాసినాడు.

ఫ్రాయిడు 1917లో ప్రకటించిన ‘శోకము, విషాదము’ అను వ్యాసము ప్రకారము శోకమునకు ఒక పని కలదు. పోయినవారితో ముడిపడిన జ్ఞాపకములను ఒక్కొక్కటిగ తీసి, ముడి విప్పి, మనస్సును విడిపించుకొనుట ఆ పని. ఆ లెక్కన గోదావరి తల్లులు పని ముగించని వారు. కాని 1920 జనవరిలో ఫ్రాయిడు రెండవ కుమార్తె సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో మరణించినది. తాను నాస్తికుడు గనుక నిందించుటకైనను ఎవరును లేరని ఆయన మిత్రునకు వ్రాసినాడు. 1923లో ఆమె చిన్న కుమారుడు హైన్జు నాలుగేండ్ల ప్రాయమున క్షయతో పోయినాడు. ఆ దెబ్బ నుండి తాను కోలుకొనలేదని ఆయనే చెప్పుకొన్నాడు. 1929లో, సోఫీ బ్రతికియున్నచో 36 ఏండ్లు నిండెడి దినమున, పుత్రశోకములో ఉన్న మరియొక వైద్యునకు వ్రాయుచు, పోయినవారి చోటు ఎన్నడును నిండదనియు, నిండకుండుటయే మేలనియు, ప్రేమను విడువక నిలుపుకొనుటకు అదియే మార్గమనియు తెలిపినాడు. తన సిద్ధాంతమునకు అది విరుద్ధమని ఆయన గమనించినాడో లేదో కాని, వ్యాసమును మాత్రము సవరించలేదు. శోకమును పరిశోధించు పండితులు ఆ దారికి వచ్చుటకు 1990వ దశకము వరకు పట్టినది.

1933లో ఆయన వద్ద చికిత్సకు వచ్చిన అమెరికా కవయిత్రి హిల్డా డూలిటిల్ తన జ్ఞాపకములలో ఒక సంగతి వ్రాసినది. మాటల నడుమ యుద్ధానంతరపు ఇన్‌ఫ్లుయెంజా ప్రసక్తి వచ్చినప్పుడు, తన కుమార్తె పోయినది దానితోనేనని వృద్ధుడైన ఫ్రాయిడు చెప్పి, ఆమె ఇచ్చటనే ఉన్నదన్నట్లు, గడియారపు గొలుసునకు కట్టుకొన్న చిన్న లాకెట్టును తీసి చూపినాడు.